దగ్గే మోటారు, పెడన మగ్గం

కొండపల్లి

మా మరదలు సుగుణ ఉండే లంక పేరు ఇక్కడ రాయడం లేదు. రాయొద్దని తనే అడిగింది. ఎదురుమొండి దగ్గర కృష్ణ సముద్రంలో కలవబోయే ముందు పాయలుగా చీలిపోతుంది. ఆ పాయల మధ్య ఉన్న చిన్న లంకల్లో అదొకటి. వంతెన లేదు. బళ్లను కూడా దాటించే పంటు మీద గానీ, పడవ మీద గానీ వెళ్లాలి. మేం మా సొంత పడవలో వెళ్లాం. ఈ ప్రయాణం సంగతి ఎవరడిగినా నేను మోటారు దగ్గర మొదలుపెడతాను. మా ఆవిడ రాజ్యం మాత్రం మగ్గం దగ్గర మొదలుపెడుతుంది. కాబట్టి రెండూ చెప్పేస్తాను.

థర్మల్ స్టేషన్లో టర్బైన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత ఒక ఫైబర్ పడవ, దాని వెనక తగిలించే ఎనిమిది హార్స్‌పవర్ మోటారు కొన్నాను. బోటింగ్ వ్యాపారం మానేస్తున్న ఒకాయన దగ్గర తీసుకున్నవి. టూ స్ట్రోక్ మోటారు, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. ఇబ్రహీంపట్నం దగ్గర బ్యారేజీ నీళ్లతో నది నిండుగా ఉంటుంది. పొద్దున్నే అక్కడ ఒక చుట్టు తిరిగి రావడం నాకు సరదా. మోటారు మొదటినుంచీ కొంచెం దగ్గేది. దగ్గుతూనే నడిచేది. నాకూ చలికాలంలో దగ్గుంది కాబట్టి దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

రాజ్యం వాళ్లది పెడన, నేతపని చేసే కుటుంబం. వాళ్లమ్మ జీవితమంతా నేసిన గుంట మగ్గం విప్పదీసి మా వసారా కప్పు కింద కట్టేసి ఉంది. సుగుణ తనకు నచ్చిన లంక కుర్రాణ్ణి చేసుకుని వెళ్లిపోయాక మా మామగారు ఆమెను గడప తొక్కనివ్వలేదు. అత్తగారు మాత్రం బందరు బస్టాండులో కూతుర్ని కలుసుకుని వస్తూండేది. ఆవిడ పోయినరోజు సముద్రంలో వాయుగుండం. పంటు ఆగిపోయింది. సుగుణ వచ్చేసరికి అంతా అయిపోయి, ఇల్లు కడిగేసి ఉంది. ఏడ్చి ఏడ్చి ఉన్న రాజ్యం గుమ్మంలో చెల్లెల్ని చూసి, “ఇప్పుడా రావడం?” అంది. సుగుణ చెప్పులు కూడా విప్పకుండా తిరిగి వెళ్లిపోయింది. తర్వాత ఏళ్లు గడిచిపోయాయి. ఇటునుంచి మాట లేదు, అటునుంచి మాట లేదు.

మొన్న దీపావళి వెళ్లాక ఒకరోజు ఫోనొచ్చింది. “అక్కా, అమ్మ మగ్గం ఉందా?” అంది సుగుణ. “ఉంది,” అంది రాజ్యం. ఫోను కట్టయిపోయింది.

“లంకలో సిగ్నల్ సరిగ్గా ఉండదు. మళ్లీ చేస్తుందిలే,” అన్నాను.

చేయలేదు. రాజ్యం కొన్నాళ్లు ఫోను పక్కనే పెట్టుకుని తిరిగింది. తనూ చేయలేదు. ఒక ఉదయం నేను నది నుంచి వచ్చేసరికి స్టూలెక్కి మగ్గం కట్లు విప్పుతోంది.

“ఏమండీ, మీ పడవలో ఇది పడుతుందా?”

“లారీలో వేసి పంటు మీద దాటిస్తే సులువు కదా?”

“పంటు ఎక్కామంటే మనకంటే ముందు కబురు వెళ్లిపోద్ది. అది తలుపేసుకుని కూర్చుంటే?”

మా పక్కింటి ఆచారిగారు బొమ్మలు చేస్తారు. అచ్చు, పోగును అటూ ఇటూ దాటించే నాడెలు, నూలు చుట్టే కండెలు ఆయనే సర్దిపెట్టారు. అచ్చంటే పడుగు పోగులన్నీ వరసగా దూరే ఉక్కు దువ్వెన లాంటిది. మగ్గంలో దానికి మించిన సున్నితమైన వస్తువు లేదు. ఏనుగు అంబారీ బొమ్మను సర్దినట్టు దాన్ని పెట్టెలో ఎండుగడ్డి మధ్య పడుకోబెట్టి, “తడి తగలనివ్వకండమ్మా, తుప్పు పడితే మళ్లీ రాదు,” అని రెండుసార్లు చెప్పారు.

వన్ టౌన్

మగ్గం ఒక్కటీ పట్టుకెళ్తే ఏం బాగుంటుందని రాజ్యం నన్ను విజయవాడ వన్ టౌన్‌కు బయల్దేరదీసింది. ఆ సందుల్లో ఎదురుగా ఒక తోపుడు బండి వస్తే మనిషి గోడకు అతుక్కోవాలి. నూలు కొట్టులో రాజ్యం నూలు చుట్టలు, చిలప మీద చిలప, తీయించింది. పోగు లాగింది, మెలి విప్పింది, నాలుక మీద తడిపి చూసింది. కొట్టాయన విసుక్కోకపోగా ఫ్యాను ఆమె వైపు తిప్పాడు.

“ఏ ఊరమ్మా?”

“పెడన.”

“అదీ సంగతి,” అని లోపల్నుంచి వేరే కట్ట తెప్పించాడు. తెలుపు, మిరపపండు రంగు తీసుకుంది.

నేను పక్క వీధిలో మోటారు సామాన్ల కొట్టుకు వెళ్లాను. రెండు స్పార్క్ ప్లగ్గులు, పెట్రోలు గొట్టం కావాలన్నాను. నా మోటారు మోడల్ విని ఆయన అద్దాలు తీసి నన్ను చూశాడు. “ఇంకా బతికే ఉందాండీ అది?” అన్నాడు. మరణవార్త విన్నంత గౌరవంగా అడిగాడు.

పులిగడ్డ

బ్యారేజీ దిగువన నది నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. అందుకని పడవను, మోటారును, మగ్గాన్ని చిన్న ట్రక్కులో వేసుకుని కరకట్ట మీదుగా పులిగడ్డ దాకా వెళ్లాం. కట్టకు ఒకపక్క అరటితోటలు, ఇంకోపక్క ఏటి ఇసుక. మంచు ఇంకా తేలిపోలేదు. అరటి ఆకుల చివర్లు మాత్రం పైకి కనబడుతూ, తోటలన్నీ పాలల్లో నిలబడినట్టున్నాయి. డ్రైవరు కూడా పాటలు ఆపేసి మెల్లగా నడిపాడు.

అవనిగడ్డలో పెసరట్టు తిన్నాం. మా విజయవాడలో అల్లం పచ్చడి గొంతు పట్టుకుంటుంది. ఇక్కడ బెల్లం చెయ్యి కొంచెం ముందుంది. రాజ్యానికి ఇదే నచ్చింది. బెజవాడ హోటల్లో ఒకరికయ్యే ఖర్చుతో ఇద్దరం తిని కాఫీ కూడా తాగాం.

పులిగడ్డ దగ్గర కాలువ నది మీదుగా వెళ్తుంది. కింద నది, పైన ఇంకో నీటిదారి. ఆ అక్విడెక్టు నీడలో పడవను దింపాం. సముద్రపు పోటు ఇక్కడిదాకా వస్తుంది కాబట్టి నీళ్లుంటాయి. మగ్గం కొయ్యలు పొడుగ్గా పరిచి, అచ్చు పెట్టెను టార్పాలిన్‌లో చుట్టి మధ్యలో పెట్టాం. తాడు లాగాను. లాగాను. లాగుతూనే ఉన్నాను. చివరికి నల్లటి పొగ వదిలి మోటారు లేచింది.

నెమ్మదిగా పోనిస్తే డుబుడుబుమంటూ పోయింది. వేగం పెంచబోతే ఖళ్లుఖళ్లుమని దగ్గి ఆగింది. పక్కనున్న చిన్న రంధ్రంలోంచి చల్లబరిచే నీళ్లు బాగానే చిమ్ముతున్నాయి. అంటే వేడెక్కలేదు. ప్లగ్గు విప్పి చూస్తే తారులో ముంచినట్టుంది.

“ఆయిల్ ఎంత పోశారు?” అంది రాజ్యం.

“పాతది కదా అని కొంచెం ఎక్కువే పోశాను.”

“కూరలో నూనె ఎక్కువైతే నన్నంటారు.”

కొత్త ప్లగ్గు బిగించాను. పెట్రోలు కలిపి ఆయిల్ పలచన చేశాను. మోటారు గొంతు తేటపడింది. గెలిచాననుకున్నాను. ఆ సంతోషంలో ఉన్న రెండు స్పానర్లలో ఒకదాన్ని నీళ్లలో జారవిడిచాను. అది బుడుంగున మునిగి, కాసేపు మెరిసి, కృష్ణలో కలిసిపోయింది.

అక్కణ్ణుంచి మధ్యాహ్నమంతా ఒక కలలో వెళ్లినట్టు వెళ్లాం. నది వెడల్పవుతూ, గట్లు వెనక్కి తగ్గుతూ, చివరికి గట్టేదో మబ్బేదో తెలియకుండా పోయింది. రాజ్యం మగ్గం కొయ్య మీద చెయ్యి వేసుకుని ముందుకు చూస్తూ కూర్చుంది. నీటికాకులు కర్రల మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. మోటారు మాత్రం అప్పుడప్పుడు కల చెదరగొడుతూ ఒక దగ్గు దగ్గేది. నేను వేగం తగ్గించేవాణ్ణి, అది సర్దుకునేది.

నాగాయలంక

పొద్దు వాలుతుండగా నాగాయలంక రేవు చేరాం. రేవు పక్కన మాణిక్యమ్మగారి ఇంట్లో గది దొరికింది. ఒంటరి మనిషి, మాటకారి. మా సామాను దింపుతుంటే వచ్చి మగ్గం కొయ్యను తట్టి చూసింది.

“ఇదెక్కడికండీ, లంకల్లోకా? అక్కడ రొయ్యలు పెంచుతారు గానీ బట్టలెవరు నేస్తారు?”

“మా చెల్లెలు నేస్తుంది,” అంది రాజ్యం. తనకే తెలియని సంగతి అంత గట్టిగా చెప్పడం నేను విన్నాను. చూపు తిప్పుకున్నాను.

రాత్రి పీతల కూర పెట్టింది మాణిక్యమ్మగారు. మా ఇంట్లో పీతలు వండితే కొబ్బరి వేస్తారు. ఇక్కడ చింతపండు పులుసు, పచ్చిమిర్చి, అంతే. డెక్కలు పగలగొట్టడానికి ఒక చిన్న సుత్తి కంచం పక్కనే పెట్టారు. కాలం లెక్క కూడా ఇక్కడ వేరు. ఈ ఇల్లెప్పుడు కట్టారని అడిగితే, “ఉప్పెన తర్వాతండీ,” అంది. ఆ కొబ్బరిచెట్టు? “అది ఉప్పెనకి ముందుది. దాన్ని పట్టుకునే మా నాన్న బతికాడు.” సముద్రం ఊరి మీదికి వచ్చిపోయిన రోజు నుంచి ఇక్కడి వాళ్లకు రెండే కాలాలు.

భోజనమయ్యాక మెట్ల మీద కూర్చుని కార్బ్యురేటరు విప్పాను. పెట్రోలు, గాలి కలిసే చోటు అది. అడుగున చేరిన పెట్రోలును గాజు గ్లాసులోకి వంపితే కింద నీటి బొట్టు పాదరసంలా దొర్లింది. పెట్రోల్లో నీళ్లు కలిశాయన్నమాట. దగ్గుకు మూలం దొరికిందనుకున్నాను. సన్నటి రంధ్రాలు ఊది శుభ్రం చేశాను. పాత పెట్రోలు తీసేసి పొద్దున్నే కొత్తది కొని పోయాలనుకున్నాను.

“రేపటితో దగ్గు మాయం,” అన్నాను.

రాజ్యం వినలేదు. “అది నన్ను చూడగానే ఏమంటుందంటారు?” అంది.

నాకు తెలియదన్నాను. స్క్రూలు లెక్క చూసుకుంటూ అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది.

మడ అడవి

మర్నాడు బయల్దేరిన గంట దాకా మోటారు కొత్త పెళ్లికొడుకులా నడిచింది. మడ అడవి మొదలైంది. నీళ్లలోంచి లేచిన చెట్లు. బురదలోంచి వేలకొద్దీ వేళ్లు, పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి పొడుచుకొచ్చాయి. రెండుపక్కలా ఒకే ఆకుపచ్చ, కింద దాని నీడ. పడవ చెట్ల మధ్య వెళ్తోందా, చెట్ల నీడల మీద వెళ్తోందా తెలియలేదు. ఎక్కడో చేప ఎగిరిపడిన చప్పుడు. గాలిలో ఉప్పు.

అక్కడ ఆగింది మోటారు. దగ్గలేదు. ఊపిరి తగ్గిపోయినవాడిలా నెమ్మదించి ఆగింది. తాడు లాగితే లేచింది, మళ్లీ ఆగింది. ప్లగ్గు చూశాను, పొడిగా ఉంది. ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం చూశాను, తెరిచే ఉంది. గొట్టం కొత్తది. నాకు తెలిసినవన్నీ అయిపోయాయి. ఆలోపల పడవ తనంతట తానే కదలడం గమనించాను. కదిలేది సముద్రం వైపు.

చెట్ల చాటునుంచి ఒక తెడ్డు పడవ వచ్చింది. పీతలు పట్టే భార్యాభర్తలు, నాంచారయ్య, నాగమణి. ఆయన మా పడవ అంచు పట్టుకుని ఆపాడు.

“పాటు మొదలైందండి. నీళ్లన్నీ సముద్రంలోకి దిగిపోతన్నాయి. ఈ పాయలో వదిలేస్తే ఏరు సముద్రంలో కలిసే మొగలోకి లాగేసుద్ది. అక్కడ అలలు మీ పడవకి ఆగవు.”

“మమ్మల్ని కట్టి లాగగలవా?”

“నాది తెడ్డు పడవండీ. పాటుకి ఎదురు నా పడవే లాగలేను. ఆ చెట్టుకి కట్టుకుని కూర్చోండి. సాయంత్రం పోటొచ్చుద్ది. అదే మిమ్మల్ని నాగాయలంక తోసేసుద్ది.”

చెట్టుకు కట్టాం. వాళ్లూ పక్కనే కట్టుకుని సద్ది విప్పారు. నాగమణి అడగకుండానే మాకూ పెట్టింది. చద్దన్నం, వేయించిన మెత్తళ్లు, ఉల్లిపాయ. చిటికెన వేలంత చేపలవి, కరకరలాడుతూ నోట్లో కరిగిపోయాయి. ఇళ్లలో అతిథికి మంచినీళ్లు ముందిస్తాం కదా, ఇక్కడ వాళ్లు మొదట సీసా ఎత్తి చూపించి, “మీ దగ్గర మంచినీళ్లున్నాయా?” అని అడిగారు. చుట్టూ ఇన్ని నీళ్లలో తాగేది ఒక్కటీ లేదు.

వాళ్లు వెళ్లిపోయారు. పాటు పడవ కింద నుంచి జారిపోతోంది. తాడు బిగుసుకుని సన్నగా మూలిగింది.

“వెనక్కెళ్లిపోదామండీ,” అంది రాజ్యం.

“ఇంతదూరం వచ్చాం కదా?”

“రమ్మని అది అనలేదుగా. మగ్గం పంపమనీ అనలేదు. ఉందా అంది, అంతే. నేనే ఏదో ఊహించుకున్నాను. సాయంత్రం పోటొస్తే వెనక్కి పోదాం. మోటారు బాలేదని చెప్పుకోవచ్చు.”

“ఎవరికి చెప్పుకోవాలి? మనం వస్తున్నట్టు ఎవరికీ తెలియదు.”

రాజ్యం కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ మాటల్లోంచి తప్పించుకోవడానికో ఏమో నేను మళ్లీ మోటారు దగ్గరికి వెళ్లాను. పెట్రోలు గొట్టం మధ్యలో ఒక రబ్బరు బుగ్గ ఉంటుంది. బీపీ చూసే డాక్టరు నొక్కేదాని లాంటిది. మోటారు లేపేముందు నాలుగుసార్లు నొక్కితే పెట్రోలు పైకి చేరుతుంది. “కాస్త నొక్కు,” అన్నాను. రాజ్యం నొక్కింది. తాడు లాగాను. లేచింది. ఆగిపోతుందని చూస్తూ నిలబడ్డాను. ఆగలేదు.

రాజ్యం ఎటో చూస్తూ నొక్కుతూనే ఉంది. ఆపమని నేను చెప్పలేదు కాబట్టి. జారిన కొంగు సర్దుకోవడానికి చెయ్యి తీసింది. మోటారు నీరసించింది.

“నొక్కు,” అన్నాను.

నొక్కింది. తేరుకుంది.

అప్పుడు అర్థమైంది. ట్యాంకులోంచి పెట్రోలు పీల్చుకోవడానికి మోటారుకు చిన్న పంపుంటుంది. లోపల కాగితమంత పల్చటి రబ్బరు పొర కొట్టుకుంటూ ఉంటుంది. అది చిరిగినట్టుంది. ఇన్నాళ్లూ కొంచెం కొంచెంగా చిరుగుతూ వచ్చి దగ్గు అయింది. ఇప్పుడు పూర్తిగా పోయింది. మోటారు దానంతటది తాగలేదు, ఎవరైనా పట్టాలి. ప్లగ్గుదీ నీటిబొట్టుదీ కూడా తప్పుంది గానీ అసలు జబ్బు ఇది. విడి పొర నా దగ్గర లేదు. రాజ్యం చెయ్యి ఉంది.

ఎక్కువ నొక్కితే మోటారుకు పొలమారుతోంది, తక్కువైతే నీరసిస్తోంది. రాజ్యం కాసేపు తల వంచి విన్నది. తర్వాత చెయ్యి దానంతటదే ఒక వరస పట్టుకుంది. నేత నేసిన చెయ్యి. మోటారు నున్నగా మోగసాగింది.

నేను చెట్టుకున్న తాడు విప్పాను. పడవ ముక్కు ఊగుతోంది. వెళ్లేముందు నాంచారయ్య లంకకు దారని చెప్పిన ఎడమ పాయ ముందుంది. వెనక నాగాయలంక.

“ఎటు తిప్పను?” అన్నాను.

రాజ్యం నా వైపు చూడలేదు. చెయ్యి తీసేస్తే చాలు, మోటారు ఆగిపోతుంది, పోటు వచ్చేదాకా కూర్చోవచ్చు. ఆమె తీయలేదు. నొక్కుతూనే ఉంది. నేను ఎడమకు తిప్పాను.

తర్వాతి ప్రయాణం ఎంతసేపో నేను చూడలేదు. కొమ్మలు తల మీద కలుసుకున్నాయి. ఎండ ఆకుల్లోంచి చిల్లులు పడి రాజ్యం చీర మీద, మగ్గం కొయ్యల మీద, నీటి మీద ఒకేలా పారాడింది. చెయ్యి మార్చుకోమన్నాను. “ఎడం చేత్తో వరస రాదు,” అంది.

లంక

లంక రేవంటే మెట్లుండవు. మోకాలిలోతు బురద. మోటారు చప్పుడుకు కొంతమంది వచ్చి నిలబడ్డారు. వాళ్లలోంచి ఒకామె బురదలోకి దిగి నడిచి వచ్చింది. జుట్టు సగం నెరిసింది. నేను పోల్చుకునేలోపే ఆమె చూపు టార్పాలిన్ మీద పడింది.

“అచ్చు తడిసిందా?” అంది సుగుణ.

“తడవలేదు,” అంది రాజ్యం.

అంతే. పెట్టె నెత్తిన పెట్టుకుని సుగుణ ముందు నడిచింది. వెనక రాజ్యం బురదలో తడబడుతూ నడిచింది. సుగుణ వెనక్కి చూడలేదు గానీ అడుగు నెమ్మది చేసింది. ఆమె భర్త కోటేశ్వరరావు పరుగున వచ్చి, “రండన్నయ్యగారూ,” అంటూ నా చేతిలో కొయ్య అందుకున్నాడు.

ఈ లంకలో వచ్చినవాళ్లను సంగతులడగరు. ముందు కాళ్లకు నీళ్లిస్తారు, తర్వాత అన్నం పెడతారు. కంచాల ముందు కూర్చున్నాక రాజ్యం అన్నంలో చెయ్యి పెట్టింది. వేళ్లు ముడుచుకోలేదు. అరచెయ్యి ఎర్రగా కంది, వాచిపోయి ఉంది.

“చేతికేమైంది?” అంది సుగుణ.

“మోటారుకి పెట్రోలు పట్టాను, దారంతా,” అంది రాజ్యం.

సుగుణ నా వైపు చూసింది. పంపు సంగతి చెప్పాను. విని, అక్క కంచం తన ముందుకు లాక్కుంది. అన్నం కలిపింది. ముద్ద చేసి రాజ్యం నోటి దగ్గర పెట్టింది. రాజ్యం నోరు తెరిచింది. కోటేశ్వరరావు, నేను మా కంచాల్లోకి చూసుకుంటూ తిన్నాం.

సగం భోజనంలో రాజ్యం అడిగింది. “ఆరోజు ఫోను కట్టయిపోయింది. మళ్లీ చేస్తావనుకున్నా.”

“సిగ్నల్ పోలేదక్కా. నేనే పెట్టేశా.”

“ఎందుకు?”

“ఉంది అన్నావుగా. ఏడుపొచ్చింది. అమ్మది నువ్వెవరికో ఇచ్చేసుంటావనుకున్నా.”

“ఎవరికిస్తానే?” అంది రాజ్యం. ఆ తర్వాత మాటలు నాకు వినబడలేదు. కోటేశ్వరరావు మోటారు చూద్దాం రమ్మని నన్ను బయటికి తీసుకెళ్లిపోయాడు.

గుంట

పొద్దున వసారాలో మగ్గం దింపడానికి గుంట తవ్వడం మొదలుపెట్టాం. గుంట మగ్గానికి నేత మనిషి కాళ్లు నేలలోకి దిగాలి. కింద తొక్కుడు కర్రలుంటాయి. కోటేశ్వరరావు పలుగు వేస్తుంటే అక్కాచెల్లెళ్లు చెరోపక్క నిలబడి కొలత చెబుతున్నారు. ఇంకాస్త లోతు అంటే ఇంకాస్త. మోకాలిదాకా వచ్చాక అడుగున మెల్లగా చెమ్మ మెరిసింది. చూస్తుండగా నీరు ఊరింది. ఒక చిన్న పీత పైకి తేలి, మమ్మల్ని చూసి, మళ్లీ మునిగింది.

లంకలో ఎక్కడ తవ్వినా నీరే. నేనూ ఆలోచించలేదు, రాజ్యమూ ఆలోచించలేదు. ఏళ్ల తరబడి అక్కడే ఉన్న సుగుణా ఆలోచించలేదు.

ఇంత దూరం తెచ్చింది ఇందుకా అనుకున్నాను. రాజ్యం ముఖం చూడటానికి ధైర్యం చాల్లేదు. అప్పుడు సుగుణ మెల్లగా అంది, “అక్కా, ఇందులో కూర్చుంటే ఒక కాలు నేతకి, ఒక కాలు పీతల వేటకి.”

రాజ్యం నవ్వడం మొదలుపెట్టింది. మొదట ముక్కుతో, తర్వాత పొట్ట పట్టుకుని. సుగుణ కూడా. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ఆపుకోలేక, గుంట పక్కన మట్టిలోనే చతికిలబడ్డారు. ఒకరు ఆపితే ఇంకొకరు గుంటలోకి వేలు చూపించేవారు. కోటేశ్వరరావు పలుగు పట్టుకుని, తను తవ్విన దానికి ఇంత నవ్వెందుకో తెలియనివాడిలా నిలబడ్డాడు. ఆ నవ్వులోనే ఏడుపు ఎప్పుడు కలిసిందో నేను చెప్పలేను.

గుంట పూడ్చేశాం. నేల కిందికి పోనివ్వకపోతే మనిషిని పైకి లేపాలి. తాటిదుంగలు, ఇటుకలు పేర్చి మగ్గాన్ని నడుమెత్తు లేపాం. కూర్చోవడానికి పలక వేశాం. కొలతలు సరిపోక రెండుసార్లు విప్పి కట్టాం. ఇంతలో పక్కింటి మత్స్యకారుడు మూలపడ్డ తన పాత మోటారులోంచి పంపు విప్పి ఇచ్చాడు. దాని పొర బాగుంది. నా మోటారుకు సరిగ్గా సరిపోయింది. తాడు ఒక్కసారి లాగాను. బుగ్గ ఎవరూ నొక్కకుండానే అది ఆగకుండా నడిచింది. ఎన్నేళ్లుగా దగ్గిందో, ఒక్క దగ్గు లేదు.

తిరుగు దారి

బయల్దేరే ఉదయం రాజ్యం, సుగుణ మగ్గం ముందు ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. అచ్చులో మిగిలిన పాత పోగులకు కొత్త పడుగు పోగులు అతకాలి. ఒక్కొక్క పోగు, వేళ్ల మధ్య మెలివేసి. వందలు, వేలు. ఒకరు అందిస్తే ఒకరు అతకాలి. పాత పోగులు వాళ్లమ్మ నేసి వదిలేసినవి.

“పడవ సిద్ధంగా ఉంది,” అన్నాను.

రాజ్యం తలెత్తలేదు. “మీరెళ్లండి. ఇది ఒక్క చేతి పని కాదు. అయ్యాక వస్తాను.”

“ఎప్పటికవుతుంది?”

“అయినప్పుడు, బావగారూ,” అంది సుగుణ.

ఒక్కణ్ణే వచ్చాను. పోటు వీపు తడుతుంటే మడ అడవి, వెడల్పాటి నది, మబ్బులాంటి గట్లు ఒకదాని వెనక ఒకటి వెనక్కి జారాయి. మోటారు అంత హాయిగా ఎప్పుడూ మోగలేదు. దాని మాటున వేరే ఏమీ వినబడలేదు కూడా.

నాగాయలంక రేవులో పడవలు కట్టే ఒకాయన తాడు అందుకున్నాడు. పడవలోకి తొంగి చూశాడు. బురదలో దిగేముందు రాజ్యం విప్పి పెట్టిన చెప్పులు మూలన అలాగే ఉన్నాయి.

“అమ్మగారి చెప్పులున్నాయి. అమ్మగారేరండీ?”

“పుట్టింట్లో ఉంది,” అన్నాను.